అడ్మిషన్ వచ్చింది, విమానం ఎక్కేదాకా డబ్బెలా? మొదటి తరం పిల్లల విదేశీ చదువు గురించి

పాలమూరు మేడం | మహబూబ్‌నగర్ | ఆదివారం రాత్రి 9:15

అందరికీ నమస్తే. గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

మా దగ్గర చదువుకుని ఇప్పుడు హైదరాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్న అమ్మాయికి ఇంగ్లండ్‌లో పబ్లిక్ హెల్త్ ఎమ్మెస్సీకి ఆఫర్ లెటర్ వచ్చింది. వాళ్ల నాన్న ఏటా ఆరు నెలలు మేస్త్రీ పనికి పుణె వెళ్తాడు. అమ్మ కూలి. ఎస్సీ కుటుంబం. ఇంట్లో పదో తరగతి దాటింది తనొక్కతే. లెటర్ వచ్చిన రోజు నాకు ఫోన్ చేసింది కానీ మాట్లాడలేకపోయింది, ఒకటే ఏడుపు.

ఆ మర్నాటి నుంచి లెక్కలు మొదలయ్యాయి. రాష్ట్రంలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఎంపికైతే 20 లక్షలు. చాలా పెద్ద సాయం, కాదనను. కానీ మొదటి 10 లక్షలు అక్కడ దిగినట్టు కాగితం చూపించాక ఇస్తారు, మిగతా 10 మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. మరి దిగడానికి ముందు?

ఇద్దరం కూర్చుని నోట్‌బుక్‌లో రాశాం. యూనివర్సిటీ డిపాజిట్. మేం చూసినప్పుడు వీసా ఫీజు 524 పౌండ్లు. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు, ఏడాది కోర్సే అయినా వీసా అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది కాబట్టి ఏడాదిన్నరకు 1,164 ఒకేసారి కట్టాలి. టీబీ టెస్టు. టికెట్ డబ్బు పథకంలో ఉంది కానీ ముందు మనమే కొనుక్కోవాలట. దిగగానే ఇంటి అద్దె, అడ్వాన్సు. ఇవన్నీ కాక వీసా కోసం ఫీజుకీ ఖర్చులకీ సరిపడా సొమ్ము బ్యాంకులో 28 రోజులు కదలకుండా కనబడాలి. ఆ పేజీ కింద గీత గీసి మొత్తం వేసేసరికి తను పెన్ను పక్కన పెట్టేసింది.

రెండేళ్ల కింద ఇంకో అమ్మాయి సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు, వాళ్ల నాన్న భయపడ్డాడు. ఆయన భయంలో తప్పు లేదు. ఆ అమ్మాయికి ఆ ఏడే పెళ్లి చేసేశారు. ఈసారి అలా కానివ్వను. ఈ దారిలో నడిచినవాళ్లు ఏం చేశారో చెప్పండి.


లీడ్స్ తమ్ముడు | ఖమ్మం నుంచి లీడ్స్ | ఆదివారం రాత్రి 11:40

మేడం, నేను ఇలాగే వచ్చాను. ఒక్కోటి చెప్తాను.

డిపాజిట్: అది రాతిమీద గీత కాదు. అడ్మిషన్స్ ఆఫీసుకు ఈమెయిల్ రాయించండి. ఇంట్లో మొదటి తరం చదువు, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేశాను, సొమ్ము దిగాకే వస్తుంది, డిపాజిట్ తగ్గించగలరా, గడువు పెంచగలరా అని నేరుగా అడగాలి. నాకు సగానికి తగ్గించారు. అడగకపోతే ఎవరూ తగ్గించరు. నేను అడగడానికే పదిహేను రోజులు సిగ్గుపడ్డాను, ఆ పదిహేను రోజులే నాకు ఎక్కువ నష్టం చేశాయి.

బ్యాంకు సొమ్ము: బ్యాంకు మంజూరు చేసిన ఎడ్యుకేషన్ లోన్ లెటర్ అమ్మాయి పేరు మీద ఉంటే ఆ మొత్తానికి 28 రోజుల గొడవ లేదు. సొమ్ము అమ్మానాన్నల ఖాతాలో చూపిస్తే మాత్రం వాళ్లే తల్లిదండ్రులని రుజువు కావాలి. అంటే బర్త్ సర్టిఫికెట్. నేను ఇంట్లో పుట్టాను, నాకది లేదు. ముందు రికార్డులో లేదని సర్టిఫికెట్, తర్వాత ఆర్డీఓ ఆఫీసు నుంచి ఉత్తర్వు, అది అయ్యాక అసలు సర్టిఫికెట్. నెలన్నర పట్టింది. రేపే అడగండి, ఉందా లేదా అని.


మీసేవ ఆపరేటర్ | సూర్యాపేట | సోమవారం ఉదయం 7:05

లీడ్స్ తమ్ముడి మాటకు ఇంకొకటి కలుపుతా. పేరు.

రోజూ చూస్తున్నా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం. ఆధార్‌లో అసలు లేదు. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, లేకపోతే సర్‌నేమ్ గడి ఖాళీ. ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద పేరు ముందు ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, పేరు తెలియదు అని దానర్థం. ఆ తర్వాత బ్యాంకు ఖాతాకూ డ్రైవింగ్ లైసెన్సుకూ అక్కడ అదే పేరుతో తిప్పలు పడతారు. చదువుకున్న ఇళ్లలో పిల్లలకు రెండో తరగతిలోనే ఇవన్నీ సరిచేసి పెడతారు. మన దగ్గరికి వచ్చేవాళ్లు వీసాకు వారం ముందు వస్తారు.

కుల, ఆదాయ ధ్రువపత్రాల్లో పేరు పాస్‌పోర్టుతో అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో చూసుకోమనండి మేడం. లేకపోతే అప్లికేషన్ పక్కన పెడతారు.


చరిత్ర మాస్టారు | గుంటూరు | సోమవారం మధ్యాహ్నం 1:30

మేడం గారూ, రాష్ట్ర పథకం ఒక్కటే కాదు, కేంద్ర సామాజిక న్యాయ శాఖ వారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా చూడండి. ఏడాదికి 125 మంది. అందులో 115 ఎస్సీలకు, 6 సంచార, విముక్త జాతులకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి. 30 శాతం ఆడపిల్లలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు, డిగ్రీలో 60 శాతం, వయసు 35 లోపు, క్యూఎస్ అనే ప్రపంచ యూనివర్సిటీల ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న యూనివర్సిటీ నుంచి షరతుల్లేని ఆఫర్ ఉండాలి. ఫీజు నేరుగా యూనివర్సిటీకి కడతారు. యూకేలో ఖర్చులకు ఏడాదికి 9,900 పౌండ్లు, టికెట్, వీసా ఫీజు కూడా ఇస్తారు. మీరు అడిగిన ‘దిగడానికి ముందు’ అనే గొయ్యి ఇందులో చాలావరకు పూడుతుంది.

దేశం మొత్తానికి 125 అంటే ఎంతో మీరే ఊహించండి. 2023-24లో ఒక్క అమెరికాలోనే 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఇంకో బాధ: 2022 నుంచి భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదు. కులం గురించి బయటి దేశంలో కూర్చుని చదవాలనుకునే దళిత విద్యార్థికి ఈ తలుపు మూసేశారు. నాకిది మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు.

స్కాలర్‌షిప్ షరతులు ఎంత పని చేస్తాయో అంబేడ్కర్ జీవితంలోనే ఉంది. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇచ్చి కొలంబియాకు పంపారు. ఆ తర్వాత లండన్ చేరితే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది, చదువు సగంలో వదిలి 1917లో తిరిగి రావలసి వచ్చింది. షరతు ప్రకారం బరోడాలో ఉద్యోగానికి వెళ్తే అంత చదివిన మనిషికి ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకు ఇవ్వలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకుంటే పదకొండో రోజు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. మళ్లీ లండన్ వెళ్లింది 1920లో, బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో, స్నేహితుడి దగ్గర చేసిన అప్పుతో. ప్రతిభలో లోటు ఏ రోజూ లేదు. లోటల్లా గడువులో ఉంది.


తుంగభద్ర | కర్నూలు నుంచి కాలిఫోర్నియా | సోమవారం రాత్రి 10:20

మాస్టారూ, ఆ సత్రం మాట చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను 2021లో వచ్చాను. ఇక్కడికి రాకముందే రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపులో చేరాను, అందరూ తెలుగువాళ్లే. సంతోషపడ్డాను. మొదటి ప్రశ్న ఏ కోర్సు అని కాదు, ఇంటిపేరేంటి అని. చెప్పాను. మా ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంటుంది, వాళ్లకు తేలలేదు. ఏ ఊరు అన్నారు. చెప్పాను. ఊళ్లో ఎటువైపు అన్నారు. చర్చి పక్కన అని రాశాను. ఆ తర్వాత గ్రూపులో రెండు గంటలు ఎవరూ ఏమీ రాయలేదు.

అయినా ఆ ఇంట్లోనే దిగాను, వేరే దారి లేదు. మూడో రోజు వంటింట్లో నా గిన్నెలు, గ్లాసు తీసి ఒక అట్టపెట్టెలో సింకు కింద పెట్టారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్యాదగానే మాట్లాడారు. నేను ఆ పెట్టె ఎత్తి నా గదిలో పెట్టుకున్నాను. ఆ సెమిస్టరంతా అన్నం గదిలోనే తిన్నాను. ఆ టెన్షన్‌తో రెండు సబ్జెక్టుల్లో మార్కులు పోయాయి.

అప్పుడు నాకు తెలియదు, ఇలాంటిది కాలేజీకి చెప్పుకోవచ్చని. బ్రాండైస్ యూనివర్సిటీ 2019 డిసెంబర్‌లోనే తన వివక్ష వ్యతిరేక నిబంధనల్లో కులాన్ని చేర్చింది. 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, 23 క్యాంపస్‌లకూ కలిపి చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టమే చేసింది, అమెరికా నగరాల్లో అదే మొదటిది. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియా రాష్ట్ర బిల్లును గవర్నర్ వీటో చేశారు, అది వేరే బాధ. 

వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. మొదటి సెమిస్టర్ కాస్త ఖరీదైనా యూనివర్సిటీ హాస్టల్లో ఉండండి. మనవాళ్ల ఇల్లు చవక అని తొందరపడొద్దు. మనుషులను చూశాక మారండి.


పాలమూరు మేడం | మహబూబ్‌నగర్ | సోమవారం రాత్రి 10:55

తుంగభద్ర గారూ, మీరు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. వినిపిస్తాను. తెలిసి వెళ్లడమే మంచిది. మీరిప్పుడు బాగున్నారా?


తుంగభద్ర | కర్నూలు నుంచి కాలిఫోర్నియా | సోమవారం రాత్రి 11:10

బాగున్నాను మేడం. చదువైపోయింది, ఉద్యోగం చేస్తున్నా. ఇప్పుడు నా ఇంట్లో ముగ్గురు కొత్త పిల్లలు ఉంటున్నారు. ఇంటిపేర్లు నేనడగలేదు.


నల్లరేగడి | నరసరావుపేట నుంచి ఒహాయో | మంగళవారం ఉదయం 6:30

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మేం ఓసీలం. మా నాన్న రెండెకరాలు బ్యాంకులో పెట్టి నన్ను పంపాడు. నాకు ఏ నిధీ రాలేదు. మూడేళ్లు ఆ అప్పే కట్టాను, ఆ మూడేళ్లూ నాన్న కొత్త చొక్కా కొనుక్కోలేదు. ఫీజు తీసుకునేటప్పుడు యూనివర్సిటీ కులం అడగదు కదా. సాయానికి మాత్రం కులమెందుకు, పేదరికం చూస్తే సరిపోదా? ఎవర్నీ తక్కువ చేయడానికి అడగడం లేదు. తుంగభద్ర గారికి జరిగింది చదివి నాకూ సిగ్గేసింది.


పాలమూరు మేడం | మహబూబ్‌నగర్ | మంగళవారం సాయంత్రం 5:45

తప్పుగా ఏం అనుకోలేదు బాబూ. మీ నాన్నగారి చొక్కా సంగతి చదివితే మా నాన్న గుర్తొచ్చాడు.

పోయిన నెల ఈ అమ్మాయిని తీసుకుని ఒక బ్యాంకుకు వెళ్లాను. 4 లక్షల వరకు హామీ అక్కర్లేదు, 7.5 లక్షల వరకు మూడో మనిషి సంతకం, ఆపైన ఆస్తి తాకట్టు. చాలా బ్యాంకులు పాటించే పద్ధతే ఇది. ఆస్తి ఏముందని అడిగారు. ఎకరం పది గుంటలు ఉందని వాళ్ల నాన్న పట్టా పుస్తకం తీశాడు, కొత్త బట్టలో చుట్టి తెచ్చాడు. మేనేజర్ ఒక్క నిమిషం చూసి మూసేశాడు. అది అసైన్డ్ భూమి. ప్రభుత్వం పంచిన భూమి, 1977 చట్టం ప్రకారం అమ్మడానికి వీల్లేదు. అమ్మలేని భూమి మాకెందుకన్నాడు. ఆ తండ్రి పుస్తకాన్ని మళ్లీ బట్టలో చుట్టుకున్న తీరు నేను మరచిపోలేను.

మీ నాన్నకూ ఆయనకూ కష్టం ఒకటే. కానీ మీ నాన్న రెండెకరాలను బ్యాంకు భూమిగా లెక్కేసింది, ఈయన ఎకరాన్ని వెయ్యలేదు. ఈయన తాతకు సొంత భూమి ఎందుకు లేదో వెతికితే కులం దగ్గరికే వెళ్తాం. నా దృష్టిలో ఇద్దరికీ సాయం అందాలి. ఒకరిది తీసి ఒకరికి ఇవ్వమని నేనెప్పుడూ అనను. తెలంగాణలో బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ పేరుతో, పేద బ్రాహ్మణులకు వివేకానంద పేరుతో ఇలాంటి పథకాలే ఉన్నాయి. వీటిలో దేనికిందికీ రాని పేద రైతు బిడ్డ గురించి మీరు గట్టిగా అడగండి, మీతో పాటు నేనూ సంతకం పెడతాను.


నల్లరేగడి | నరసరావుపేట నుంచి ఒహాయో | మంగళవారం రాత్రి 8:20

అసైన్డ్ భూమి సంగతి నాకు నిజంగా తెలియదు మేడం. మా ఊళ్లోనూ అలాంటి భూములున్నాయి, బ్యాంకులు వాటిని తీసుకోవని ఎప్పుడూ ఆలోచించలేదు. పేదరికం కూడా లెక్కలోకి రావాలన్న నా మాట మీద నేనున్నాను. కానీ పేదరికమంతా ఒకటే అనుకున్నది సరికాదు.

నేను లోన్ కాగితాల పని మూడు బ్యాంకుల్లో తిరిగి నేర్చుకున్నాను. తాకట్టు లేకుండా 7.5 లక్షల లోపు ఎలా అడగాలో, మొదటి విడత వచ్చేదాకా దాన్ని ఎలా సర్దుకోవాలో అమ్మాయితో కూర్చుని చూస్తాను. మెసేజ్ పెట్టమనండి.


నిర్వాహకులు | మంగళవారం రాత్రి 8:40

చర్చ ఇంత మర్యాదగా సాగుతున్నందుకు సంతోషం. ఒక్క విన్నపం: అమ్మాయి పేరు, ఫోన్ నంబరు, యూనివర్సిటీ పేరు బయట పెట్టొద్దు. సాయం చేయాలనుకునేవాళ్లు మేడంకు విడిగా మెసేజ్ పెట్టండి.


స్క్రీన్ రీడర్ | విజయవాడ నుంచి టెక్సస్ | బుధవారం ఉదయం 9:00

నాకు చూపు లేదు. ఈ చర్చంతా ఫోన్ చదివి వినిపిస్తే విన్నాను. అంగవైకల్యం మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను.

విదేశీ చదువుకు రాసే జీఆర్ఈ, ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రెండింటికీ అదనపు సమయం, స్క్రీన్ రీడర్ లాంటి సదుపాయాలు ఉన్నాయి. కానీ ముందు సదుపాయాలకు అనుమతి రావాలి, ఆ తర్వాతే పరీక్ష తేదీ. అందరితో పాటు చివర్లో కట్టేద్దాం అనుకుంటే కుదరదు. అంగవైకల్యానికి మన ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, డాక్టర్ ఇంగ్లిష్‌లో రాసిన రిపోర్టు కూడా అడిగారు. నాకు మూడు నెలలు ముందే మొదలుపెట్టమని చెప్పేవాళ్లు లేక ఒక ఏడాది పోయింది.

అమెరికాలో 1973 పునరావాస చట్టం 504వ సెక్షన్, 1990 నాటి ఏడీఏ చట్టం ఉన్నాయి, రెండూ అంగవైకల్యం ఉన్నవాళ్ల మీద వివక్ష చూపకూడదనేవే. బయటి దేశం విద్యార్థికీ వర్తిస్తాయి. యూనివర్సిటీలో డిజేబిలిటీ ఆఫీసు ఉంటుంది, పుస్తకాలు చదవగలిగే ఫైళ్లుగా మార్చిస్తారు, పరీక్షకు ఒకటిన్నర రెట్లు సమయం ఇచ్చారు నాకు, పైసా తీసుకోలేదు. కాకపోతే మనమే వెళ్లి నమోదు చేసుకోవాలి, వాళ్లంతట వాళ్లు వెతుక్కుంటూ రారు. మొదటి నెల నేను ఎవరికీ చెప్పలేదు. మన దగ్గర పెరిగినప్పుడు అడగడమంటే బతిమాలడమే కదా, ఆ అలవాటు పోలేదు. చివరికి లైబ్రరీలో ఒక ఆవిడ నా చేతికర్ర చూసి ఆ ఆఫీసు దాకా నడిపించుకుంటూ తీసుకెళ్లింది. 

చాలామంది అడుగుతున్నారు, అమెరికాలో ఇవన్నీ ఎత్తేశారట కదా అని. టెక్సస్‌లో 2024 జనవరి 1 నుంచి ఎస్‌బీ 17 చట్టంతో ప్రభుత్వ యూనివర్సిటీల్లో వైవిధ్యం, అందరినీ కలుపుకోవడం పేరుతో ఉన్న ఆఫీసులు మూసేశారు. 2025 జనవరి నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వం కూడా అదే దారి పట్టింది. మైనారిటీ విద్యార్థులు కూర్చుని మాట్లాడుకునే చోట్లు కొన్ని పోయాయి, అది నిజమైన నష్టం. కానీ డిజేబిలిటీ ఆఫీసు వేరే చట్టం కింద నడుస్తుంది, అది ఉంది. ఇంటర్నేషనల్ ఆఫీసు ఉంది. భయపడి అడగడం మానేయొద్దు.

మేడం, యూకేలో 2010 ఈక్వాలిటీ యాక్ట్ ఉంది, సదుపాయాలు అక్కడా ఇవ్వాల్సిందే. అయితే డిజేబుల్డ్ స్టూడెంట్స్ అలవెన్స్ అనే డబ్బు అక్కడివాళ్లకే, మనకు రాదు. యూనివర్సిటీ సొంత ఫండ్ ఏముందో ఆఫర్ ఒప్పుకోకముందే అడగాలి. మీ కాలేజీలో నాలాంటి పిల్లలుంటే నా దగ్గరికి పంపండి.


ఉట్నూరు టీచర్ | ఆదిలాబాద్ జిల్లా | బుధవారం రాత్రి 7:50

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ వారి ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో దేశం మొత్తానికి 20. అందులో 17 ఎస్టీలకు, 3 ఆదిమ గిరిజన తెగలకు. మా కొలాం తెగ పిల్లలు ఆ మూడింట్లోకి వస్తారు. నేను పదిహేనేళ్లుగా ఇక్కడున్నా, ఒక్కరు అప్లై చేసింది చూడలేదు.

కారణం చెప్పనా? ఐఈఎల్‌టీఎస్ రాయాలంటే ఇక్కడి నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ఫీజు 17 వేలు దాటింది. కావాల్సిన స్కోరు రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. పత్తి అమ్మిన డబ్బులోంచి 17 వేలు తీసి ‘రాకపోయినా పర్లేదు’ అని ఇవ్వగల ఇల్లు మా గూడేల్లో ఏది? స్కాలర్‌షిప్ లక్షల్లో ఉంది, దాని గుమ్మం దగ్గర 17 వేలు లేవు. ఐటీడీఏలో, అంటే గిరిజనాభివృద్ధి సంస్థలో, కోచింగ్ తోపాటు మొదటిసారి పరీక్ష ఫీజు కూడా కడితే చాలు, నేను ముగ్గురు పిల్లలను ఇప్పుడే చూపిస్తాను.


గోదారి గట్టు | రాజమండ్రి నుంచి బర్మింగ్‌హామ్ | గురువారం మధ్యాహ్నం 3:10

పెళ్లయిన ఆడవాళ్ల సంగతీ రాయనివ్వండి. 2024 జనవరి నుంచి యూకేలో మామూలు మాస్టర్స్ చదివేవాళ్లు భర్తనూ పిల్లలనూ తెచ్చుకోవడానికి వీల్లేదు. నియమం మగవాళ్లకూ అదే. కానీ నాలుగేళ్ల బాబును వదిలి నాన్న వెళ్తే ‘వాడి కోసమే కదా’ అంటారు, అమ్మ వెళ్తే ఇంకోలా అంటారు. నేను వదిలి వచ్చాను. అత్తగారు చూసుకుంటున్నారు, ఆవిడకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. మొదటి నెల వీడియో కాల్లో బాబు నాతో మాట్లాడలేదు, ఫోన్ తిప్పేసి ఫ్యాను చూపించేవాడు. ఇప్పుడు రోజూ స్కూల్లో ఏం తిన్నాడో చెప్తాడు.

ఇంకెవరైనా అమ్మలు ఈ దారిలో ఉంటే రాయండి. ఒంటరిగా అనిపించకూడదు.


అమీర్‌పేట పాత ఉద్యోగి | హైదరాబాద్ | గురువారం రాత్రి 9:30

నాలుగేళ్లు విదేశీ చదువుల కన్సల్టెన్సీలో చేసి మానేశాను. ‘మా సర్వీసు ఫ్రీ’ అంటారు కదా, యూనివర్సిటీ నుంచి కమీషన్ వస్తుంది కాబట్టి ఫ్రీ. కమీషన్ ఇవ్వని చోటు గురించి మీకు చెప్పరు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఈమధ్య మొదలుపెట్టింది. మిగతావి చాలావరకు ఉచితం. కాకపోతే నెలనెలా కొంతే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు ముందే వేసి చూపించాలి, మళ్లీ అదే గొయ్యి. డాడ్, ఎరాస్మస్ ముండస్ లాంటి స్కాలర్‌షిప్‌ల గురించి మా ఆఫీసులో ఒక్క పిల్లకూ చెప్పనివ్వలేదు. ఎక్కువగా మోసపోయేది ఇంట్లో అడగడానికి ఎవరూ లేనివాళ్లే. అందుకే మానేశాను.


లీడ్స్ తమ్ముడు | ఖమ్మం నుంచి లీడ్స్ | శుక్రవారం ఉదయం 5:20

మేడం, వెళ్లాక జరిగేది కూడా ఇప్పుడే చెప్పేస్తా, ఎందుకంటే నేను అక్కడే దెబ్బతిన్నాను.

మొదటి అసైన్‌మెంట్‌కు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బాగా నేర్చుకుని రాశాను. మన డిగ్రీలో అలా రాస్తేనే మార్కులు. వారానికి ఈమెయిల్ వచ్చింది, కాపీ కొట్టారని అనుమానం, విచారణకు రండి అని. చేతులు వణికాయి. వీసా పోతుందేమో, నాన్నకేం చెప్పాలి అని రెండు రాత్రులు నిద్ర లేదు. విచారణలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను, మా దగ్గర ఇలాగే చదువుతాం, ఎవరి మాట ఎక్కడిదో రాయాలని నాకు తెలియదని. మొదటిసారని హెచ్చరించి, రాయడం నేర్పే సెంటర్‌కు పంపారు. ఆ సెంటర్ మొదటి రోజు నుంచీ ఉంది, ఉచితం. తల్లిదండ్రులు చదువుకున్న పిల్లలందరికీ దాని గురించి తెలుసు.

ఈ వేసవిలోనే అమ్మాయి చేత రెండు వ్యాసాలు రాయించండి. నాకు పంపితే దిద్ది పెడతాను.


పాలమూరు మేడం | మహబూబ్‌నగర్ | అయిదు వారాల తర్వాత, శనివారం రాత్రి 8:00

అందరికీ చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

డిపాజిట్ తగ్గించమని ఈమెయిల్ రాసింది. మొదట కుదరదన్నారు. లీడ్స్ తమ్ముడు చెప్పినట్టు ఇంకొకసారి, స్కాలర్‌షిప్ నియమాల కాగితం జతచేసి రాసింది. సగానికి తగ్గించి, గడువు నెల పెంచారు. బర్త్ సర్టిఫికెట్ లేదు, మీరన్నట్టే. ఆర్డీఓ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాం, మొన్న చేతికొచ్చింది. నల్లరేగడి బాబు దగ్గరుండి రాయించిన దరఖాస్తుతో 7.5 లక్షల లోన్ మంజూరైంది, మూడో మనిషి సంతకం నేను పెట్టాను. మా ఇంట్లో దీని గురించి పెద్ద చర్చే జరిగింది, చివరికి మావారే పెన్ను ఇచ్చారు.

వీసా ఫీజు, సర్‌చార్జి, టికెట్‌కు మా పాత విద్యార్థినులు 14 మంది చేబదులుగా వేసుకున్నారు. నర్సులు, టీచర్లు, ఒక కండక్టర్. విద్యానిధి మొదటి విడత వచ్చాక తిరిగి ఇచ్చేయాలి, ఆ డబ్బు అలాగే ఉంచి వచ్చే ఏడాది ఇంకొకరికి ఇవ్వాలని రాసుకున్నాం. వడ్డీ లేదు. నోట్‌బుక్‌లో ఆ పాత పేజీ పక్కనే ఈ పేజీ రాశాం. రాష్ట్రంలో ఆ మొదటి విడతలో కొంతైనా వీసా రాగానే ఇవ్వాలని సంక్షేమ శాఖకు వినతిపత్రం కూడా పంపుతున్నాం. ఉట్నూరు టీచర్ గారు అన్న పరీక్ష ఫీజు సంగతి అందులో చేర్చాను. సంతకాలు చేసేవాళ్లు మెసేజ్ పెట్టండి.

అమ్మాయి ఇక్కడే కూర్చుని ఉంది, తను ఒకటి అడగాలట. ఫోన్ ఇస్తున్నా.

నమస్తే అన్నలకు, అక్కలకు. తుంగభద్ర అన్నా, మీరు రాసింది చదివాను, హాస్టల్‌కే అప్లై చేశాను. నాకు వేరే చిన్న డౌట్. చలికోటు ఇక్కడ కొనుక్కుని రావాలా, అక్కడ కొనాలా? ఇక్కడ నాలుగు వేలు చెప్తున్నారు.


గోదారి గట్టు | రాజమండ్రి నుంచి బర్మింగ్‌హామ్ | శనివారం రాత్రి 8:25

ఇండియాలో కొనకు చెల్లీ, అవి ఇక్కడి చలికి ఆగవు. నా దగ్గర రెండున్నాయి. నీ ఎత్తెంత?


పాలమూరు మేడం | మహబూబ్‌నగర్ | శనివారం రాత్రి 8:27

అయిదడుగుల రెండంగుళాలు అంటోంది.